కాకి ముట్టని ముక్క

మామిడి కట్టె కాలుతున్న వాసన వస్తే నాకు ఆకలీ భయమూ ఒకేసారి పుడతాయి. పోయిన వారం స్కూటీ మీద విస్సన్నపేట నుంచి వస్తుంటే కాలవ అవతలి నుంచి ఆ పొగ వచ్చింది. మొదట తియ్యగా, గొంతులోకి దిగాక చేదుగా. చేయి దానంతటదే బ్రేకు మీద పడింది. "ఇంకా నివురు పట్టలేదు, పావుగంట ఆగాలి" అని మనసులో అనేసుకున్నాను. తర్వాత చూశాను, గట్టు మీద మనుషులు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. అది శ్మశానం. ఎవరి తండ్రో, ఎవరి భర్తో కాలిపోతున్న నిప్పును చూసి, దాని మీద ముక్కలు ఎప్పుడు పెట్టవచ్చో అంచనా వేసిన మనిషిని నేను. సిగ్గుపడి బండి ముందుకు పోనిచ్చాను. కానీ ఆ అంచనా మాత్రం తప్పు కాదు.

నిప్పును అలా చూడటం నాకు నేర్పింది సూరమ్మ. మీరెవరూ ఆవిడను ఎరగరు. రెడ్డిగూడెం తోటల్లో కాయ కోతకు వచ్చే కూలీ మనిషి. నల్లగా, పొట్టిగా ఉండేది, నిప్పు సెగకు కుడి చేతి మీద వెంట్రుక అన్నది మిగల్లేదు. వేటమాంసాన్ని, అదే మేకమాంసాన్ని, నిప్పుల మీద ఆవిడ కాల్చినట్టు కాల్చినవాళ్ళను నేను చూడలేదు, మా తోటకు వచ్చి తిన్నవాళ్ళూ చూడలేదన్నారు. ఇంత చేసీ ఆవిడ కోరిక ఒక్కటే. తాను కాల్చిన ముక్కను ఒక్కసారి కాకి ముట్టాలి. ఆ కోరికతోనే బతికింది, ఆ కోరికతోనే పోయింది.

ముందు నా సంగతి చెప్పాలి. నూజివీడు బజారులో మా నాన్నది మామిడికాయల వ్యాపారం. మాది గుడ్డు కూడా ఎరగని ఇల్లు. నాన్న పోయాక రెడ్డిగూడెం దగ్గరి తోట నా చేతికి వచ్చింది. చిన్నరసాలు, బంగినపల్లి కలిపి ఏడెకరాలు. నాలుగేళ్ళ కిందట, వేసవి ఆదివారాల్లో బెజవాడ, ఏలూరు నుంచి కుటుంబాలు వచ్చి చెట్ల కింద భోంచేసి, కాయలు కొనుక్కుని వెళ్ళే ఏర్పాటు ఒకటి మొదలుపెట్టాను. మొదటి వారం పులిహోర, పనసపొట్టు కూర పెట్టాను. అందరూ మర్యాదగా తిన్నారు. వెళ్ళేటప్పుడు ఒకాయన కారు అద్దం దించి, "అంతా బాగుందండీ, కాస్త బార్బెక్యూ కూడా పెట్టించారంటేనా, తోట అదిరిపోద్ది" అన్నాడు. వ్యాపారస్తుడి కూతుర్ని కదా, ఆ మాట చెవిలో పడ్డాక ఇక నిద్ర పట్టలేదు. మా పెద్దమ్మ పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. అది వేరే కథ.

పట్నం నుంచి ఒక వంటాయన్ని పిలిపించాను. నల్ల టోపీ, నల్ల ఏప్రన్, డబ్బాలో వచ్చిన బొగ్గులు. మంట భగభగ మండుతుండగానే ముక్కలు గుచ్చిన ఊచలు పెట్టేశాడు. పైన మసి, లోపల పచ్చి. పిల్లలు ఉమ్మేశారు. నేను ఏం చేయాలో తోచక నిలబడితే, ఆ పక్కన గంపల్లో గడ్డి పరుస్తున్న సూరమ్మ లేచి వచ్చి ఆయన చేతిలో పట్టకారు తీసుకుంది. అడిగి తీసుకోలేదు, లాక్కోనూ లేదు. ఆయన ఇచ్చేశాడు, అంతే. "అయ్యగారూ, తమరు కాసేపు నీడన కూకోండి" అంది. మండుతున్న బొగ్గులన్నీ పక్కకు నెట్టేసి, పడిపోయిన మామిడి కొమ్మలు కాల్చడం మొదలుపెట్టింది. గంటసేపు ఎవరికీ ఏమీ పెట్టలేదు. జనం విసుక్కున్నారు. గంట తర్వాత పెట్టింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు, తిన్నారు.

అప్పటి నుంచి ఆదివారాలు ఆవిడవి. నేను పక్కన నిలబడి నేర్చుకున్నాను. మాంసం ముట్టుకోవడానికి మొదట్లో జంకేదాన్ని, తర్వాత అలవాటైంది. నోట్లో పెట్టుకోవడం మాత్రం ఇప్పటికీ లేదు. విచిత్రం ఏమిటంటే సూరమ్మ కూడా రుచి చూసేది కాదు. ఆవిడ మాంసం మానేసి ఇరవై ఏళ్ళు. రుచి చూడని ఇద్దరం కలిసి నలభై మందికి వండేవాళ్ళం. "నాలిక దేనికండీ, చెవి చాలదా" అనేది. కొవ్వు బొట్టు నిప్పు మీద పడినప్పుడు వచ్చే చప్పుడు వినమనేది. మొదట అది సుయ్యిమని సాగుతుంది, తర్వాత చిట్లుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఆగిపోయిన క్షణంలో తీయాలి. ఆ పైన ఒక్క క్షణం ఉంచినా ముక్క ఎండిపోతుంది. కైమా అయితే పుట్నాల పొడి కలిపి, అరచేతికి అంటుకుని వదలనంతవరకు పిసకాలి, లేకపోతే ఊచ మీంచి జారి నిప్పులో పడుతుంది. ముక్క మెత్తబడటానికి పచ్చి బొప్పాయి అందరూ వేస్తారు, ఆవిడ పుల్లటి మామిడి తురుము వేసేది. ఉప్పు చివర్లో. కారం దగ్గర మాత్రం నా మాట వినేది కాదు.

అన్నిటికంటే ముఖ్యం నివురు. నిప్పు మీద తెల్లటి బూడిద పలచగా పరుచుకుంటుంది చూడండి, అది. అది పట్టేదాకా ముక్క పెట్టకూడదు. "మంట అరుస్తదండీ, అరిసేదాని దగ్గరికి పోకూడదు. నివురు పట్టాక అది మన మాట వింటది" అనేది. నివురు పట్టిన నిప్పు మీద అరచేయి ఆనించీ ఆనించకుండా పెట్టి ఒక పేరు మూడుసార్లు తలచుకోవాలట. మూడోసారి అనుకునేదాకా చేయి ఉంచగలిగితే నిప్పు సరిపోయినట్టు. నేను మా అమ్మ పేరు అనుకునేదాన్ని. సూరమ్మ ఎవరి పేరు అనుకునేదో నాకు వినిపించేది కాదు, పెదవులు మాత్రం కదిలేవి. అడిగితే, "పైకి అనకూడని పేరండీ" అనేది. మొగుడి పేరు పైకి అనని తరం కదా అని నేను దాన్ని అక్కడితో వదిలేశాను.

మొదట నాకు నచ్చనిది మామిడి కట్టె. మా వైపు మామిడి కట్టె హోమానికి, కాటికి. ఆ పొగ మీద కాల్చిన ముక్క ఎవరైనా తింటారా అని కూలీలు గొణిగారు. కోతకు వచ్చే మగవాళ్ళు ఇద్దరు ఆ చుట్టుపక్కలకే వచ్చేవాళ్ళు కాదు. తుమ్మ బొగ్గులు తెప్పిస్తాను పెద్దమ్మా అని సూరమ్మతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "పోయినోళ్ళకి తెలిసిన వాసన ఇదొక్కటేనండీ. తుమ్మ పొగ వేస్తే వాళ్ళకి దారి తెలవదు" అంది. ఎంత మామూలుగా అందంటే, కాఫీలో పంచదార తక్కువైందన్నట్టుగా. తుమ్మ బొగ్గుల మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

మొదటి ఊచ కాలాక ఆవిడ ఎవరికీ ఇచ్చేది కాదు. అందులో మంచి ముక్క ఒకటి తీసి, కడిగిన టేకాకులో పెట్టి, నిప్పుకు ఇరవై అడుగుల దూరంలో, తోటలో ఒక్కటే ఉన్న పెద్దరసం మామిడి చెట్టు మొదట్లో ఉంచి వచ్చేది. వెనక్కి తిరిగి చూసేది కాదు. సాయంత్రం అందరూ వెళ్ళాక పోయి చూసేది. ముక్క అక్కడే ఉండేది. దాన్ని అదే ఆకులో మడిచి చెట్టు కింద పూడ్చేది. "ముట్టలేదండీ" అని ఒక్క మాట అని, ఊచలు తోముకోవడానికి పోయేది. మా ప్రాంతంలో ఎవరైనా పోతే పెద్దకర్మ రోజున ముద్ద పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, పిల్లల్ని చూసుకుంటామనో, పొలం అమ్మబోమనో పైకి మాట ఇస్తారు. ఏదో ఒక మాటకు కాకి దిగుతుంది. సూరమ్మ భర్త పెద్దకర్మకు అందరూ అన్ని మాటలూ ఇచ్చారట. కాకి దిగలేదు. పొద్దు వాలిపోతుంటే చివరికి ఆ ముద్ద ఆవుకు పెట్టి, మిగతాది కాలవలో కలిపి వచ్చేశారట.

నేను నమ్మలేదు. డిగ్రీ చదివినదాన్ని, ఫోనులో వాతావరణం చూసి కాయ కోయించేదాన్ని. మాంసం మీద కారం ఘాటుకు కాకి రాదేమో అనుకున్నాను. ఆ ముక్కకు చీమ కూడా పట్టదని మాత్రం గమనించాను. మే నెలలో మామిడి తోటలో నేల మీద పెట్టిన మాంసానికి చీమ పట్టకపోవడం మీరు ఎక్కడైనా చూశారా? మా కాపలా కుక్క ఆ చెట్టు వైపు వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది.

ఒక ఆదివారం పరీక్ష పెట్టాను. సూరమ్మ ముక్క పెట్టి వచ్చాక, రెండో ఊచలోంచి సరిగ్గా అలాంటి ముక్కే తీసుకుని, ఇంకో టేకాకులో, దాని పక్కనే జానెడు దూరంలో పెట్టాను. ఫోనును ఒక కొమ్మకు ఆనించి వీడియో పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం మూడు గంటల వేళ, సూరమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు పోయి చూశాను. నా ఆకు ఖాళీగా ఉంది. ఆవిడ ఆకులో ముక్క ఉన్నది ఉన్నట్టుంది. చెట్టు నీడలో కూర్చుని వీడియో చూశాను. రెండు కాకులు వచ్చాయి, నా ముక్క పంచుకుని తిన్నాయి. తర్వాత ఒకటి సూరమ్మ ముక్క దగ్గరికి గెంతింది. ముక్కు వంచింది. అంతలో తల పక్కకు తిప్పి, చెట్టు మొదట్లో మనిషి కూర్చుంటే మొహం ఎక్కడుంటుందో అంత ఎత్తుకు చూసింది. చాలాసేపు చూసింది. గాలి లేదు, ఆకు కదలలేదు. కాకి రెండడుగులు వెనక్కి గెంతి ఎగిరిపోయింది. నేను కూర్చున్నది ఆ చెట్టు మొదట్లోనే. ఎలా లేచానో, ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. వీడియో ఆ రోజే తీసేశాను. తీసేయకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది, కానీ అలాంటిది ఫోనులో పెట్టుకుని పడుకోవడం నా వల్ల కాదు.

ఆ సాయంత్రం సూరమ్మకు చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ ఊచలు తోముతూ విని, "ఆయనేనండీ" అంది. ఆయన అలిగితే అంతేనంది, ఎదురుగా కంచం పెట్టుకుని ముట్టకుండా కూర్చుంటాడంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆయన ఈ తోటకే కాపలా మనిషి. ఇరవై ఏళ్ళ కిందట ఒక మే నెల మధ్యాహ్నం, ఎవరో ఇచ్చిన వేటమాంసం టేకాకులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. నిప్పుల మీద కాల్చి పెట్టమన్నాడు. సూరమ్మ పొద్దుటి నుంచి కాయ మోసి మోసి అప్పుడే నడుం వాల్చింది. పొయ్యి ఆరిపోయి ఉంది. పిల్ల ఏడుస్తోంది. నోటికొచ్చిన మాట అనేసింది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"నీ సితి మీద కాల్చి పెడతాను, పో, అన్నానండీ."

ఆయన నవ్వి, కండువా తల మీద వేసుకుని తోటకు వెళ్ళిపోయాడట. సాయంత్రానికి ఆ పెద్దరసం చెట్టు కింద వడదెబ్బతో పడి ఉంటే ఎత్తుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఈ తోట కట్టెలతోనే కాల్చారు. "అందరూ మాటలిచ్చారండీ ఆ రోజు. నేను మాత్రం ఏం ఇయ్యను? నా మాట నేను ముందే ఇచ్చేశాగా" అంది సూరమ్మ. పెద్దకర్మ తర్వాత ఆవిడ మామిడి నిప్పుల మీద మాంసం కాల్చి కాకికి పెట్టింది. ముట్టలేదు. సరిగ్గా కాలలేదేమో అనుకుంది. అంతకుముందు ఆవిడకు మాంసం కాల్చడమే రాదట, ఎప్పుడు కాల్చినా మాడ్చేదట. ఇక అప్పటి నుంచి నేర్చుకుంటూ వచ్చింది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గర గిన్నెలు తోముతూ చూసి నేర్చుకుంది, బెజవాడ రోడ్డు పక్క కబాబుల బండి దగ్గర నిలబడి నేర్చుకుంది. వేసవి తర్వాత వేసవి, ముక్క మెత్తబడుతూ వచ్చింది, మనుషులు వేళ్ళు నాకుతూ వచ్చారు. కాకి మాత్రం రాలేదు. మా తోటకు వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్న ఆ చేతి వెనక ఉన్నది ఇదీ. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు.

పోయిన ఏడాది మాఘం దాటాక సూరమ్మకు ఆయాసం పట్టుకుంది. పొగ ఇన్నేళ్ళు మింగితే ఏమవుతుందో అదే అయిందన్నారు డాక్టర్లు. విస్సన్నపేటలో కూతురు దుర్గ ఇంట్లో మంచం పట్టింది. ఏప్రిల్ వచ్చేసరికి లేచి కూర్చోలేకపోయింది. నన్ను పిలిపించి, "నిప్పు మీరు చూసుకోండమ్మాయిగారూ. ఆయన ముక్క మాత్రం మానకండి" అంది. మానలేదు. ప్రతి ఆదివారం మొదటి ఊచలో మంచి ముక్క తీసి పెద్దరసం చెట్టు కింద పెట్టేదాన్ని. ఆవిడ లాగే వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. అది భక్తి కాదు, భయం. సాయంత్రం పొద్దుండగానే స్కూటీ మీద విస్సన్నపేట వెళ్ళేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టగానే మంచం మీంచి అదే మాట.

"ముట్టిందా?"

"లేదు పెద్దమ్మా."

"సర్లెండి. వచ్చే వారం చూద్దాం."

అలా ఏడు ఆదివారాలు. ఎనిమిదో ఆదివారం నేను వెళ్ళేసరికి ఆవిడ చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. శ్వాస గొంతు దాకా వచ్చి ఆగుతోంది. వచ్చే వారం ఉండదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ముట్టిందా అని ఈసారి నోటితో అడగలేదు, కళ్ళతో అడిగింది. ఆ రోజు కూడా ముక్క అలాగే ఉంది. నా చేతులతో పూడ్చి వచ్చాను, గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు.

"ముట్టింది పెద్దమ్మా" అన్నాను.

"ఎటు నుంచి వచ్చింది?" అంది.

"కాలవ వైపు నుంచి. ఒకటే కాకి. వచ్చి తీసుకుపోయింది."

"అరిసిందా?"

"లేదు. గప్‌చుప్‌గా వచ్చింది."

నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా చేయి లాక్కుని అరచేయి వాసన చూసి, "మంచిది. చీకటి పడకుండా పోండి" అంది. మంగళవారం పొద్దున పోయింది. ఆవిడ పేరున నేను చేసిన పుణ్యం ఏదైనా ఉందంటే ఆ ఒక్క అబద్ధమే అనుకుని, కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దకర్మ కాలవ గట్టున పెట్టారు. ఆవిడకు ఇష్టమైనవన్నీ తెచ్చారు. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు, గ్లాసు టీ, రెండు బిస్కెట్లు, ముద్దపప్పు, అన్నం. పదింటికి ఆకు వేశారు. పదకొండయింది, పన్నెండయింది. గట్టు మీద కాకులు లేవా అంటే ఉన్నాయి, కరెంటు తీగ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. అల్లుడు ముందుకొచ్చి దుర్గను బాగా చూసుకుంటానన్నాడు. దుర్గ, పిల్లల్ని చదివిస్తానంది. ఎవరో ముసలాయన ఇంకేదో అన్నాడు. కాకులు ఆకు వైపు చూస్తున్నాయి, కదలడం లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ చివరికి నా వైపు చూశారు. ఏం చెబితే కాకి దిగుతుందో అక్కడ నా ఒక్కదానికే తెలుసు. 'పెద్దమ్మా, నేను అబద్ధం చెప్పాను, నీ ముక్క ముట్టలేదు' అనాలి. అందరి ముందూ పైకి అనాలి. కూతురి ముందు అనాలి. నోరు తెరిచాను. "నేను... తోటను బాగా చూసుకుంటాను" అన్నాను. తీగ మీద ఒక కాకి తల తిప్పి నన్ను చూసింది. ఒంటి గంట దాటాక ముద్ద ఆవుకు పెట్టారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నేను చెప్పిన అబద్ధం ఆవిడను దారి మధ్యలో ఆపేసిందని నాకు గట్టిగా అనిపించింది. కోత అయిపోయింది, వానలొచ్చాయి, పూత వచ్చింది, మళ్ళీ కాయ వచ్చింది. ఈ ఏడు నిప్పు రాజేసినప్పటి నుంచి నేను రెండు టేకాకులు పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి ఆయనకు. ఇంకొకటి ఆవిడకు, అందులో మాంసం కాదు, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క. సాయంత్రానికి రెండూ ఉండేవి. రెండూ పూడ్చేదాన్ని. నిప్పు మీద చేయి పెట్టి పేరు తలచుకోవాల్సి వచ్చినప్పుడు అమ్మ పేరుకు బదులు సూరమ్మ పేరు వచ్చేది. మూడోసారికి ఒక్కోసారి, నా వెనక ఎవరో ఆయాసంతో ఊపిరి తీసినట్టు వినిపించేది. తిరిగి చూస్తే బెజవాడ కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటూ ఉండేవాళ్ళు.

దుర్గ ఈ వేసవిలో మా తోటకు పనికి వచ్చింది. తల్లి పోలికే, మాట మాత్రం తల్లి కంటే పొదుపు. తను వచ్చిన మొదటి ఆదివారం నేను రెండు ఆకులు పట్టుకుని చెట్టు వైపు నడుస్తుంటే వెంట వచ్చింది.

"ఒకటి నాన్నకి. రెండోది ఎవరికండీ అక్కా?"

"మీ అమ్మకి."

ఆకులు రెండూ చెట్టు మొదట్లో పెట్టి, చుట్టూ కాసిని మంచినీళ్ళు చల్లాను. ఇక దాచలేక దుర్గకు చెప్పేశాను. ఎనిమిదో ఆదివారం సంగతి, కాలవ వైపు నుంచి వచ్చిన కాకి సంగతి, గట్టు మీద నోరు తెరిచి వేరే మాట అన్న సంగతి. మీ అమ్మ ముద్దను కాకి ముట్టకపోవడానికి కారణం నేనే అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననే కోరుకున్నాను.

"అమ్మకి తెలుసండీ" అంది దుర్గ.

"ఏం తెలుసు?"

"అబద్ధమని. మీరు స్కూటీ తీసి వీధి మలుపు తిరగకముందే చెప్పింది. కాకి ఎక్కడన్నా అరవకుండా తింటదా, తన వాళ్ళని పిలవకుండా ఒక్కటే తింటదా, పిచ్చి పిల్ల, అబద్ధం ఆడటం కూడా రాదు, అని నవ్వింది. ఆ రోజు నవ్విందే ఆఖరండీ అమ్మ నవ్వడం."

నాకు కూర్చోవాలనిపించింది, ఆ చెట్టు మొదట్లో కూర్చునే ధైర్యం లేక నిలబడ్డాను. నా అబద్ధం ఆవిడను మోసగించలేదు. ఇన్ని నెలల నా బరువు, నేను ఉత్తినే మోసిన బరువు. ఒక్క క్షణం తేలికపడ్డాను. మరుక్షణం, అయితే గట్టు మీద కాకులు ఎందుకు దిగలేదన్న ప్రశ్న వచ్చి మీద పడింది. ఆవిడకు కోపం లేదు, నా మీద అలక లేదు. కోరిన మాటలన్నీ ఇచ్చారు. ఇష్టమైనవన్నీ ఆకులో ఉన్నాయి.

"మరి మీ అమ్మది ఎందుకు ముట్టలేదు దుర్గా?" అని అడిగాను.

దుర్గ నన్ను, లోకం తెలియని పసిదాన్ని చూసినట్టు చూసింది.

"నాన్న తినకుండా అమ్మ ఏనాడు తిందండీ?" అంది.

వంగి, రెండో ఆకు తీసేసింది. అందులోని మామిడి ముక్కను కళ్ళకద్దుకుని తన కొంగున కట్టుకుంది. ఆయన ఆకును కాస్త సర్ది, నేను చల్లిన మంచినీళ్ళు చాలవన్నట్టు ఇంకొన్ని చల్లి, వెనక్కి తిరిగి చూడకుండా నిప్పు దగ్గరికి నడిచింది.

ఇప్పుడు ఒకటే ఆకు పెడుతున్నాను. తోటకు వచ్చినవాళ్ళు అది ఎవరికని అడుగుతారు, ఇక్కడి ఆచారం అంటాను, వాళ్ళు ఫోటో తీసుకుంటారు. ఏ మాంసమూ నోట పెట్టని నేను ఆ ఒక్క ముక్క కోసం పొద్దుటి నుంచి నివురు చూస్తాను, చప్పుడు వింటాను, తురుము ఎక్కువైందా, ఉప్పు ముందు పడిందా అని మథనపడతాను. బాగా వచ్చిందని అందరూ అంటున్నారు. సాయంత్రం వెళ్ళి చూస్తే అది అలాగే ఉంటుంది. ఆ చెట్టు కింద ఒకరు అలిగి కూర్చున్నారు, ఆ పక్కన ఇంకొకరు ఆకలితో నిలబడి ఉన్నారు. ఆయన తింటే గానీ ఆవిడ తినదు.